ఫిల్టర్ నీళ్లతో కడిగాను

నా చేతులకు ఒకప్పుడు పెద్ద పేరుండేది. ఆపరేషన్ థియేటర్లో నేను కడిగిన సామాను మళ్లీ ఎవరూ తిప్పి చూడక్కర్లేదని మా సర్జన్ గారు కొత్తగా వచ్చిన డాక్టర్లకు చెప్పేవారు. "మా సిస్టర్ కడిగితే కళ్లకద్దుకోవచ్చు" అనేవారు. పైకి "ఊరుకోండి సార్" అనేదాన్ని గానీ లోపల పొంగిపోయేదాన్ని. ఆ పొంగే కొంప ముంచింది. నా కొంప కాదు లెండి. నా పెన్షన్ నాకొస్తోంది, మోకాళ్ల నొప్పి తప్ప నాకే లోటూ లేదు. మునిగింది వేరేవాళ్ల కొంప.

మా తమ్ముడి కూతురు నర్సింగ్ చదువుతోంది. సెలవులకు స్నేహితురాళ్లను వెంటేసుకొని వస్తుంది. వచ్చినప్పుడల్లా "అత్తా, నీ సర్వీసులో గొప్ప కేసు ఒకటి చెప్పు" అని ప్రాణం తీస్తుంది. గొప్ప కేసులు రిటైరైన ప్రతివాళ్ల దగ్గరా ఉంటాయి, అవి చెప్పడానికి నేనక్కర్లేదు. నేను తలెత్తుకోలేకపోయిన కేసు చెబుతాను. అమ్మాయిలూ, మీకోసమే రాస్తున్నాను. ఫోన్ పక్కన పెట్టి చదవండి.

మాది తల్లాడ. ఉద్యోగంలో చివరి సంవత్సరాలు మాత్రం అడవి అంచున ఒక చిన్న ఆసుపత్రిలో గడిచాయి. ఏ ఆసుపత్రో చెప్పను. పినపాక చుట్టుపక్కల గూడేల నుంచి మాకు జనం ఆటోల్లో వచ్చేవారు. చలికాలంలో పత్తి ఏరడం అయిపోయి మిరప కోత ఇంకా ఊపందుకోక ముందు కొంచెం తీరిక దొరుకుతుంది. కుటుంబ నియంత్రణ క్యాంపులు అప్పుడే పెట్టేవాళ్లం. బొడ్డు కింద చిన్న రంధ్రం చేసి, గొట్టంలాంటి దుర్బీను లోపలికి పంపి చేసే ఆపరేషన్ అది. పొద్దున వచ్చిన మనిషి సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. పెద్ద కోత ఉండదు, మంచాన పడే పని ఉండదు. అందుకే ఆడవాళ్లు భయపడకుండా వచ్చేవారు.

ఇప్పుడు కాస్త పని సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఆ దుర్బీనుకు అద్దాలుంటాయి. మా దగ్గరున్నదాన్ని వేడి ఆవిరిలో పెడితే పాడైపోతుంది. అందుకని ఒకరికీ ఇంకొకరికీ మధ్య దాన్ని ఘాటైన మందు నీళ్లలో నానబెడతాం. ఆ మందు కడుపులోకి పోతే పుండు చేస్తుంది కాబట్టి, తీశాక నీళ్లతో కడగాలి. ఆ నీళ్లు ఆటోక్లేవులో, అంటే ఆవిరి డబ్బాలో పెట్టి క్రిములు లేకుండా చేసినవై ఉండాలి. మా డబ్బా చిన్నది. గుడ్డలు, గ్లౌజులు, కత్తెరలు అన్నీ దాంట్లోకే పోవాలి. నీళ్ల సీసాలు పెడితే ఎప్పటికీ చల్లారవు. క్యాంపు రోజు వరండా నిండా ఆడవాళ్లు, గేటు బయట బీడీలు కాలుస్తూ మొగుళ్లు, లోపల "అయిందా సిస్టర్, అయిందా" అని సర్జన్ గారు. నానబెట్టే టైము కూడా తెగ్గోసేవాళ్లం. ఇక నీళ్లు చల్లారేదాకా కూర్చునే ఓపిక ఎవరికుంది?

దారి నేనే కనిపెట్టాను. స్టాఫ్ రూములో కొత్తగా నీళ్ల ఫిల్టర్ బిగించారు. నీలం లైటు వెలుగుతూ ఎంత ముద్దుగా ఉండేదో! బోరు నీళ్లలో ఉప్పు తేలే ఆ ఊళ్లో ఆ నీళ్లు మాకు అమృతం. మా థియేటర్ అసిస్టెంట్ భద్రాచలం మనిషి, అందరం భాయ్ అని పిలిచేవాళ్లం. అతని చేత మూత ఉన్న స్టీలు క్యాను నిండా ఆ నీళ్లు తెప్పించేదాన్ని. ముందు క్యాను మరిగే నీళ్లతో కడిగించేదాన్ని కూడా. ఎంత జాగ్రత్త! దుర్బీనును ఒకసారి కాదు, రెండు మూడు సార్లు ఆ నీళ్లలో ముంచి తీసేదాన్ని. "మనం తాగే నీళ్లు సార్" అంటే సర్జన్ గారు "ఇంకేం కావాలి" అనేవారు. ఆయన్ని తప్పుపట్టను. ఆయనకు ఆ నమ్మకం కలిగించింది నేనే.

అలాంటి ఒక క్యాంపుకు అత్తను వెంటబెట్టుకొని ఒకామె వచ్చింది. ఇంట్లో రెండో కోడలు. అత్త "చిన్నకోడలా" అని పిలుస్తుంటే మేమూ అదే పేరు పెట్టేశాం. ఇంకా కూర్చోవడం కూడా సరిగా రాని ఆడపిల్ల ఆమె ఒళ్లో ఉంది. ఆపరేషన్ టేబుల్ ఎక్కే ముందు కూడా పిల్లకు పాలిచ్చి, మూతి తుడిచి, అత్తకిచ్చి వచ్చింది. "జల్దీ అయితదా సిస్టరమ్మా, పిల్ల ఆగదు" అంది. జల్దీనే అయింది. సాయంత్రం నడిచి వెళ్లి ఆటో ఎక్కింది.

కొన్ని వారాలకు మళ్లీ వచ్చింది. బొడ్డు కింద గడ్డ కట్టి, చిట్లి, పల్చటి చీము కారుతోంది. పుండు చుట్టూ పసుపు. అది చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏందమ్మా గిది? పసుపెవరు పుయ్యమన్నరు నిన్ను?"

"పుండైనంక పూసిన సిస్టరమ్మా. అంతకుముందు ఏం పుయ్యలే."

"అబద్ధాలు జెప్పకు. మేం అద్దంలెక్క జేసి పంపిస్తం. మీరు ఇంటికి వోయి పసర్లు, పసుపులు పూసి, పుండు జేసుకొనొచ్చి మా నెత్తిన రుద్దుతరు."

"దేవుడి తోడు సిస్టరమ్మా, నేను..."

"ఇంక మాట్లాడకు!"

డ్రెస్సింగ్ గది గుమ్మం దగ్గర వరసలో నిలబడ్డవాళ్లంతా వింటున్నారు. వింటున్నారనే నా గొంతు ఇంకా లేచింది, అది నాకు తెలుసు. పిల్లను చంకనేసుకొని అత్త గుమ్మంలోనే ఉంది. ఆమె వైపు తిరిగాను.

"చూసినవా పెద్దమ్మా నీ కోడలు నిర్వాకం? చీము కారుతుంటే పిల్లకు పాలిస్తాంది. పిల్లకు అంటితే ఎవరు పూచీ? పుండు మానిందాక పిల్లను దూరం బెట్టు."

"అవ్ సిస్టరమ్మా. మీరెట్ల జెప్తే గట్లనే" అంది ఆ ముసలామె, చేతులు జోడించినంత పని చేసి.

అంతే. ఒక్క నిమిషం మాట. చేతులు కడుక్కొని చాయ్ తాగడానికి వెళ్లిపోయాను.

గూడెంలో ఆసుపత్రి మాటకు ఎంత బరువుంటుందో ఇన్నేళ్లు అక్కడ పనిచేసిన నాకు తెలియదా? తెలుసు. మేకపాలు పట్టమంటే పడతారు, ఉపవాసం ఉండమంటే ఉంటారు. చిన్నకోడలిని ఆ రోజు నుంచే బయటి పంచలో పడుకోబెట్టారు. పిల్ల నానమ్మ దగ్గర పెరిగింది. మొదట్లో రాత్రిపూట పిల్ల ఏడిస్తే ఈమె పంచలో లేచి కూర్చొని పాలు నేలకు పిండేసుకునేదట. తర్వాత ఆ పాలూ ఆగిపోయాయట. ఇదంతా నాకు చాలా తర్వాత తెలిసింది. డ్రెస్సింగ్‌కొచ్చినప్పుడు ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ ఇంజెక్షన్ అయింది, ఈ మాత్ర అయింది. పుండు ఒకచోట మూసుకుంటే పక్కన ఇంకొకటి నోరు తెరిచేది. చివరికి చీము తీసి మా ల్యాబ్‌లో రంగు వేసి చూస్తే ఎర్రటి కడ్డీల్లాంటి క్రిములు కనిపించాయి. అట్లా కనిపిస్తే మాకు తెలిసిన జబ్బు ఒక్కటే, టీబీ. టీబీ మాత్రలు మొదలుపెట్టాం. టీబీ అన్న మాట గూడెం చేరాక ఆమె కంచం వేరైంది, గ్లాసు వేరైంది, మొగుడు కూడా పంచ దిక్కు చూడటం మానేశాడు.

ఈ మధ్యలో ఇంకొందరు వచ్చారు. అదే బొడ్డు కింద, అదే గడ్డ. ఒకామెను మిరప చేలోకి పోయినందుకు తిట్టాను. ఇంకొకామెను వాగులో స్నానం చేసినందుకు. మరొకామె చీర కుచ్చిళ్లు బిగించి కట్టిందట, దానికీ నా దగ్గర నాలుగు మాటలు ఉన్నాయి. ఎవరికి తగ్గ తప్పు వాళ్లకు పంచిపెట్టాను. డ్రెస్సింగ్ ట్రే పట్టుకొని పక్కన నిలబడ్డ భాయ్ ఒకరోజు మెల్లగా అన్నాడు:

"సిస్టర్, వీళ్లంతా మన ఒక్క క్యాంపోళ్లే లెక్కుంది."

"అయితే ఏందంటవ్? నేను సరిగ్గ కడగలేదంటవా?"

"అయ్యో, గట్ల ఎందుకంట సిస్టర్" అని ట్రే తీసుకొని వెళ్లిపోయాడు. ఆ రోజు అతని మొహం చూసి నాకు అర్థమైంది, ఇక ఈ సంగతి మళ్లీ ఎత్తడని. ఎత్తలేదు కూడా. నాకది హాయిగా అనిపించింది చూడండి, అందుకే ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లంతా చీదరేస్తుంది.

టీబీ మాత్రలకు ఒక్కరి పుండూ మానలేదు. సర్జన్ గారికి నిద్ర పట్టడం మానేసింది. చీము నమూనాలు పెద్దాసుపత్రి ల్యాబ్‌కు పంపించారు. అక్కడి నుంచి ఫోన్ చేసి టీబీ కాదన్నారు. ఆ తర్వాత వాళ్ల డాక్టరమ్మే స్వయంగా వచ్చింది. సన్నగా, భుజాన బ్యాగుతో, కాలేజీ పిల్లలా ఉంది. నేను మనసులో "ఈ పిల్ల నాకేం చెబుతుంది" అనుకున్నాను.

ఆమె థియేటర్లో స్టూలు మీద కూర్చొని మా ముగ్గురికీ వివరంగా చెప్పింది. ఇవి టీబీ క్రిమికి దాయాదుల్లాంటివట. చాలా రకాలున్నాయట. మట్టిలో, నీళ్లలో, కొళాయి గొట్టాల్లో, ట్యాంకుల్లో వాటి మానాన అవి బతుకుతుంటాయి. మామూలుగా మన జోలికి రావు. కోసిన చోట, గుచ్చిన చోట లోపలికి పోతే మాత్రం వారాల తరబడి చప్పుడు చేయకుండా ఉండి, తర్వాత గడ్డకడతాయి. రంగు వేసి చూస్తే అచ్చం టీబీలాగే కనిపిస్తాయి, మందులు మాత్రం వేరే కావాలి.

"మీరు ఈ దుర్బీను ఎట్లా కడుగుతారో ఒకసారి చూపిస్తారా సిస్టర్?" అంది.

చూపిస్తానా అని అడగాలా! పెళ్లిచూపుల్లో పాట పాడమన్నంత సంబరంగా లేచాను. మందు తొట్టి చూపించాను. గ్లౌజులు ఎట్లా వేసుకుంటానో, దుర్బీను ఎట్లా పట్టుకుంటానో చూపించాను. క్యాను మూత తీసి, మూడుసార్లు ముంచి, విదిలించి, తెల్లటి గుడ్డ మీద పెట్టాను. మెచ్చుకుంటుందని ఆమె మొహంలోకి చూశాను కూడా.

ఆమె క్యాను వైపు చూస్తోంది. "ఈ నీళ్లు?"

"ఫిల్టర్ నీళ్లు డాక్టర్ గారూ. మేం తాగేవే."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు జవాబులు చెప్పేదాన్ని. బ్యాగులోంచి చిన్న సీసాలు తీసి, క్యాను అడుగు నుంచి కొంచెం, ఫిల్టర్ కొళాయి నుంచి కొంచెం నీళ్లు పట్టుకుంది. మూతలు బిగించాక నెమ్మదిగా అంది, "తాగడానికి పర్వాలేదు సిస్టర్. కడుపులోకి ఈ దారిన పంపడానికి మాత్రం ఇవి పనికిరావు." రెండు సీసాల్లోనూ అదే క్రిమి పెరిగిందని తర్వాత రిపోర్టు వచ్చింది. నాకు మాత్రం ఆమె మూతలు బిగిస్తున్నప్పుడే తెలిసిపోయింది. నా చేతులతో, నా శుభ్రంతో, నేనే దాన్ని ఒక్కొక్కరి కడుపులో పెట్టి పంపించాను.

ఒక్కటి అడిగాను, "పాలు తాగే పిల్లకు అంటుతుందా ఇది?"

"ఏ పిల్లకు?"

"తల్లికి పుండు ఉంటే పిల్లకు."

"లేదు సిస్టర్. ఇది మనిషి నుంచి మనిషికి రాదు. పుండు మీద గుడ్డ కప్పుకొని పాలివ్వొచ్చు. ఎందుకు అడుగుతున్నారు?"

సింకు దగ్గరికి వెళ్లి కొళాయి తిప్పి, చేతులు కడుక్కోకుండా అట్లాగే నిలబడిపోయాను. భాయ్ వెనకాలే వచ్చి "నీళ్లు మోసింది నేనే గదా సిస్టర్" అన్నాడు. "నువ్వు మోసినవ్, మొయ్యమన్నది నేను" అన్నాను. ఇద్దరం ఆ రోజు అన్నాల డబ్బాలు తెరవలేదు.

సర్జన్ గారు తలుపు వేసి చెప్పారు. "నీళ్ల వల్ల ఇన్ఫెక్షన్ అని చెబుదాం సిస్టర్. ఎక్కడి నీళ్లో విడమర్చక్కర్లేదు. ఇది బయటికి పొక్కితే మళ్లీ ఈ చుట్టుపక్కల ఒక్క ఆడమనిషి క్యాంపుకు రాదు." అందులో నిజం లేకపోలేదు. నీళ్లంటే వాళ్లు తమ వాగు నీళ్లే అనుకుంటారు, తప్పు మళ్లీ వాళ్ల నెత్తినే ఉంటుంది. మాకు హాయి. నిజం చెబుతున్నాను, ఒక రాత్రంతా నాకూ ఆ మాటే బాగుందనిపించింది. పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్లి, "మిగతావాళ్లకు మీరేం చెబుతారో మీ ఇష్టం సార్. చిన్నకోడలి ఇంటికి మాత్రం నేను పోతాను" అన్నాను. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. "పోండి. అందరికీ నేనే చెబుతాను" అన్నారు. చెప్పారు కూడా. ఎన్ని మాటలు పడ్డారో నేను చూశాను.

మందులు మారాయి. గడ్డలు మళ్లీ కోసి తీశారు. నెలల తరబడి ఇంజెక్షన్లు, మాత్రలు. ఆలస్యంగానైనా పుండ్లన్నీ మానాయి. నాకు మెమో ఇచ్చారు, తీసుకున్నాను. థియేటర్ పద్ధతులు మార్చారు, క్యాను తీసేశారు. మెమోకు ఎవరూ చావరు. నాకు మింగుడుపడంది ఆ గూడెం ప్రయాణమే.

ఇంకా కొత్త మందులు మొదలుకాక ముందు మాట అది, తునికాకు కోత నడుస్తోంది. భాయ్ బండి మీద వెనక కూర్చొని వెళ్లాను. ఇంటి ముందు ఆకు కట్టలు ఎండబెట్టారు. చిన్నకోడలు పంచ చివర, అందరికీ ఎడంగా కూర్చొని ఆకులు కట్టలు కడుతోంది. చిక్కిపోయింది. పిల్ల ఇప్పుడు గుంజ పట్టుకొని నిలబడుతోంది. నన్ను చూసి అత్త హడావిడిగా చాప పరిచి చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఫిల్టర్ నీళ్లు లేవు సిస్టరమ్మా, బోరు నీళ్లే" అని నొచ్చుకుంది. ఆ మాటకు భూమిలోకి కూరుకుపోయాను. నీళ్లు మొత్తం తాగేశాను.

వచ్చేదారిలో మాటలన్నీ పేర్చుకున్నాను గానీ ఒక్కటీ వరసలో రాలేదు. "పెద్దమ్మా, నీ కోడలికి టీబీ లేదు. పుండు పసుపుతోని కాలేదు, వాగు నీళ్లతోని కాలేదు. మా దగ్గర్నే అయింది. ఆపరేషన్ సామాను నేను కడిగిన నీళ్లతోని అయింది" అన్నాను.

ముసలామె నా మొహంలోకే చూస్తోంది. "అంటే దీని తప్పేం లేదా?"

"లేదు."

"మీరే గదా సిస్టరమ్మా జెప్పింది?"

"అవ్. నేనే జెప్పిన. తప్పు జెప్పిన."

"నేను దానికి గిన్నె సుత వేరే పెట్టిన గదా" అంది ఆమె, నాతో కాదు, తనలో తనే. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. ఆసుపత్రోళ్లను తిట్టవచ్చని ఆమెకెవరూ చెప్పలేదేమో. భాయ్ వాకిట్లో అటు తిరిగి నిలబడ్డాడు.

చిన్నకోడలు ఆకు కట్ట కింద పెట్టింది. "అయితే పిల్లనెత్తుకోవచ్చా సిస్టరమ్మా?" అంది.

"ఎత్తుకోవచ్చు."

"ఎప్పటిసంది?"

ఇవాళ్టి నుంచే అని ఆమె వినాలనుకుందేమో. అట్లా చెప్పడమూ నాకు తేలికే. ఇక దాచి ఏం చేయను? "మొదటిసంది ఎత్తుకోవచ్చమ్మా. పాలు సుత ఇయ్యొచ్చు. నేనే వద్దన్న."

ఆమె నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే ఇక్కడ రాయడానికి ఏదో ఒక మాట దొరికేది. లేచి, చేతులు కొంగుకు తుడుచుకొని, గుంజ దగ్గరికెళ్లి పిల్లను ఎత్తుకుంది. పిల్ల ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే కెవ్వుమంది. వీపు విల్లులా వంచి, రెండు చేతులూ నానమ్మ వైపు చాచి, ఊపిరాగిపోయేట్టు ఏడవసాగింది. ముసలామె గబుక్కున ఒక అడుగు వేసింది. ఆగిపోయింది. పక్కనున్న ఖాళీ బిందె తీసుకొని, వెనక్కి చూడకుండా ఇంటి వెనక్కి వెళ్లిపోయింది.

పిల్ల ఏడుపు ఆపలేదు. తల్లి మొహం మీద కొడుతోంది, జుట్టు పీకుతోంది. ప్రసవాల గదిలో ఎంతమంది పసివాళ్ల ఏడుపు వినలేదు నేను! ఈ ఏడుపు దగ్గర కూర్చోలేకపోయాను. లేచి చేతులు చాచి, "ఇటియ్యమ్మా, కొంచెంసేపు నేనెత్తుకుంట, ఊరుకున్నంక తీసుకుందువు" అన్నాను.

ఆమె పిల్లను ఇంకా దగ్గరికి హత్తుకొని నాకు అందకుండా అటు తిరిగింది.

"ఏడ్వనియ్యి సిస్టరమ్మా. నా సంకల ఉండే గదా ఏడుస్తాంది."